నేను స్కూల్ బస్సు నేర్చుకున్న సమ్మర్

మా ఆయన మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. తాగరు, తిట్టరు. కూరలో ఉప్పు తక్కువైతే మౌనంగా లేచి వెళ్లి తెచ్చుకుంటారు, కాకపోతే ఆ మౌనం పక్కింటికి వినిపిస్తుంది. నా బాధల్లా ఒక్కటే. ఆయన చెప్పిన చెడంతా జరుగుతుంది.

అది ఆయన మహిమ కాదు, వృత్తి. పేరు దామోదర్. ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశారు. ఎవరో పాపం రాత్రీ పగలూ కూర్చుని ఒక ప్రోగ్రాం రాస్తారు. ఈయన దాని ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుని, అది ఎక్కడ చెడుతుందో కనిపెడతారు. కనిపెట్టినందుకు జీతం, బాగా కనిపెట్టినందుకు బోనస్. అలాంటి మనిషి అరవయ్యో ఏట ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో పెళ్లినాడు నాకెవరూ చెప్పలేదు.

మే నెలలో ఉద్యోగం పోయింది. ఇక మీదట ప్రోగ్రాం మెషీనే రాసి, అందులో తప్పులు మెషీనే పట్టుకుంటుందని కంపెనీవాళ్లు తేల్చారట. జీతం ఆగింది గానీ ఈయన కనిపెట్టడం ఆగలేదు. సోఫాలో కూర్చుని డిష్‌వాషర్‌ని టెస్ట్ చేశారు, దేశాన్ని టెస్ట్ చేశారు, నన్ను టెస్ట్ చేశారు.

"ఈ డిష్‌వాషర్ ఇంకో నెలకి మించి రాదు."

"అరవై దాటినవాణ్ణి ఎవడు తీసుకుంటాడు బిందూ? రెజ్యూమె చూసి నవ్వుకుంటారు."

డిష్‌వాషర్ జూన్‌లో ఆగిపోయింది. ఆ రోజు ఆయన మొహంలో వెలుగు చూడాలి.

ఆయన అనేవాటిలో అబద్ధాలున్నాయని నేననను. ఆ ఏడాది మా ఊరు పార్సిప్పనీలో గాలే అలా ఉంది. మా వీధి చివరి అపార్ట్‌మెంట్లలో వారం తిరిగేసరికి ఎవరో ఒకరు ఖాళీ చేసేవారు. చెత్త డబ్బాల పక్కన కుర్చీలు, రైస్ కుక్కర్లు, పిల్లల సైకిళ్లు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు విరిచి చూస్తూ ఆడవాళ్లు వీసాల గురించి గుసగుసలాడుకునేవారు. నిరాశ పడటానికి కారణాలు కావాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. అందుకే నాకు నిరాశంటే భయం లేదు, చులకన. అంత చవగ్గా దొరికేదాన్ని అంత గొప్పగా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమేమిటి?

నిరాశ కన్నా నాకు ఏవగింపైనది ఇంకొకటుంది. దాని పేరు రాజారావు గారు.

రాజారావు గారు సరైన సమయంలో సరైన కంపెనీ షేర్లు పట్టుకుని యాభై ఐదుకే రిటైరైన మనిషి. అప్పట్నుంచీ, కష్టాలను ఎలా ఎదుర్కోవాలో కష్టాల్లో ఉన్నవాళ్లకి ప్రతి ఆదివారం జూమ్‌లో నేర్పుతుంటారు. ఆ క్లాసు పేరు 'సెకండ్ ఇన్నింగ్స్'. మా ఆయన సంగతి తెలిసిన వారానికే భార్య పద్మినిని వెంటబెట్టుకుని పరామర్శకొచ్చారు. పద్మిని గుత్తివంకాయ కూర తెచ్చింది. ఈయన ఉపన్యాసం తెచ్చారు.

"దామోదర్ గారూ, దీన్ని లేఆఫ్ అనుకోకండి. బ్రేక్ అనుకోండి. వయసు ఒంటికే గానీ మనసుకి లేదు."

"మోకాళ్లకి కూడా ఉందండీ," అన్నాను టీ అందిస్తూ.

"చెల్లెమ్మ జోకులకేం తక్కువ లేదు. చూశారా, పాజిటివ్ ఎనర్జీ మీ ఇంట్లోనే ఉంది! రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి పదిసార్లు అనండి, 'ఐ యామ్ జస్ట్ గెటింగ్ స్టార్టెడ్' అని."

మా ఆయన హాల్లో అద్దం వైపు చూశారు. "దాని మేకు వదులైంది. ఎప్పుడో పడుతుంది," అన్నారు.

ఒకాయన ఏమీ పోగొట్టుకోకుండా ధైర్యం చెబుతున్నారు, ఇంకొకాయన ఇంకా పోనివాటికి కూడా ఏడుస్తున్నారు. మధ్యలో గుత్తివంకాయ కూర ఒక్కటే కాస్త నిజాయితీగా ఉంది.

అసలు సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట మా ఆయన గుండెకి స్టెంట్ వేశారు. మందులు మానడానికి లేదు, డాక్టర్ని చూడకుండా ఉండటానికి లేదు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఆగస్టు చివరిదాకే. అరవై ఐదు నిండితే సర్కారిచ్చే మెడికేర్ రావడానికి ఇంకా ఐదేళ్లుంది. ఇద్దరిలో ఎవరికైనా ఇన్సూరెన్స్ ఇచ్చే ఉద్యోగం ఆగస్టులోపు దొరకాలి. లేకపోతే ఇల్లమ్మేసి శాంటా క్లారాలో మా అమ్మాయి అదితి దగ్గరికి వెళ్లిపోవాలి.

"జస్ట్ వచ్చేయండమ్మా," అంది అదితి ఫోన్లో. "గెస్ట్ రూమ్ ఎలాగూ ఖాళీనే. యూ బోత్ నీడ్ రెస్ట్."

మంచి పిల్ల. రెస్ట్ అన్న మాట ఎంత ప్రేమగా అందో! వినే నాకు మాత్రం ఎవరో మీద తెల్లదుప్పటి కప్పుతున్నట్టయింది. ఆ గెస్ట్ రూమ్ నేనెరుగుదును. గోడకి 'రిలాక్స్' అని రాసిన చెక్క ఒకటి తగిలించి ఉంటుంది. అతిథిగా మూడు వారాలు దాన్ని చూశాను. బతికినంతకాలం చూడాలంటే నా వల్ల కాదు.

జూన్ చివర్లో ఒకరోజు రూట్ నలభై ఆరు మీద ఎర్ర లైటు దగ్గర ఆగాను. పక్కనే స్కూల్ బస్సుల యార్డు. కంచెకి కట్టిన బ్యానర్ మీద రాసుంది: డ్రైవర్లు కావాలి, శిక్షణ మేమే ఇస్తాం, కుటుంబానికంతా ఇన్సూరెన్స్. ఆ బ్యానర్ కొత్తదేం కాదు. ఎన్నాళ్లనుంచో చదువుతూనే ఉన్నాను, వేరే ఎవరికో వచ్చిన పెళ్లి శుభలేఖ చదివినట్టు. ఆ రోజు మాత్రం లైటు పచ్చబడినా వెనకవాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

భోజనాల దగ్గర చెప్పాను.

"బస్సా?" అన్నారాయన.

"బస్సే."

"స్కూల్ బస్సా? నువ్వా?"

"విమానం అడిగాను, ఖాళీల్లేవన్నారు."

"బిందూ, నువ్వు ఎమ్మెస్సీ బోటనీ."

"ముప్పై ఏళ్లుగా ఆ బోటనీతో కొత్తిమీర కడుగుతున్నాను. ఏ కొత్తిమీరా నా డిగ్రీ అడగలేదు."

"యాభై ఏడేళ్లొచ్చాయి నీకు. కాస్ట్‌కో పార్కింగ్‌లో కారు రివర్స్ చేయాలంటే నన్ను దిగి వెనకాల నిలబడమంటావు."

"ఇన్నేళ్లూ మిమ్మల్ని వెనకాల నిలబెట్టి కూడా బ్రేకే తొక్కాను కదా. అదే నా అనుభవం."

ఆయన నవ్వలేదు. మజ్జిగ కలుపుకుంటూ, రేపు వాన పడుతుందన్నంత మామూలుగా అన్నారు: "ఫెయిలవుతావు. రాత పరీక్ష పాసవుతావులే, చదువుకున్నదానివి. బస్సు దగ్గర ఫెయిలవుతావు."

"ఒకవేళ పాసైతే?"

ఆ సంగతి ఆయన ఆలోచించినట్టు లేదు. కొంచెం ఆగి, "ఎవరికీ చెప్పకు. నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు.

"ఆ నలుగురిలో ముగ్గురికి ఉద్యోగాల్లేవు. ఏదైనా అనుకోవడానికి తీరిక ఉంది. అనుకోనివ్వండి."

యార్డులో నాకు నేర్పినావిడ పేరు గ్వెన్. నాకన్నా పెద్దది. బట్టతల ముసలాయన దగ్గర్నుంచి నాదాకా అందర్నీ 'బేబీ' అంటుంది. బస్సు నడపడం నేననుకున్నంత కష్టంగా లేదు. పొడుగాటి కారు, అంతే. మనం మలుపు తిరిగిన కాసేపటికి గానీ దాని వెనకభాగం తిరగదు. అలాంటివాళ్లతో కాపురం చేసినదాన్ని, నాకది కొత్త కాదు.

కష్టమంతా నడపడానికి ముందుంది. పరీక్షలో మొదటి భాగం అదే. బస్సు చుట్టూ తిరుగుతూ, లోపలా బయటా ఒక్కొక్క భాగం పేరూ చెప్పి, అది బాగుందని ఎగ్జామినర్‌కి పైకి చెప్పాలి. అద్దాలు, లైట్లు, టైర్లు, బ్రేకు గొట్టాలు, ఎమర్జెన్సీ తలుపు, పిల్లలు దిగేటప్పుడు పక్కకి చాచుకునే స్టాప్ బోర్డు. ప్రతిదాని చివరా ఇంగ్లీషులో ఒకే మాట: గట్టిగా బిగించి ఉంది, పగల్లేదు, వంగలేదు, విరగలేదు. వినగానే నాకది శతకంలో మకుటంలా తోచింది. చిన్నప్పుడు మా నాన్న ముందు నిలబడి పద్యాలు అప్పజెప్పినదాన్ని. ఇదెంత అనుకున్నాను.

ఇంట్లో వంట చేస్తూ వల్లించాను, బట్టలు మడతపెడుతూ వల్లించాను. సోఫా దగ్గరికొచ్చేసరికి నోరూరుకోక, "మా ఆయన: సోఫాకి గట్టిగా బిగించి ఉన్నారు, పగల్లేదు, వంగలేదు, విరగలేదు," అన్నాను. ఆయన వినిపించుకోనట్టు ఊరుకున్నారు. కానీ మర్నాడు టీపాయ్ మీద నేను వదిలేసిన కాగితాలనిండా పెన్సిల్ గీతలు కనిపించాయి.

"ఏదీ, వెనక టైరు చెప్పు," అన్నారు.

చెప్పాను.

"నట్లు వదిలేశావు."

"చెప్పాను."

"చెప్పలేదు. చక్రం నుంచి నేరుగా స్ప్రింగుల మీదికి దూకావు. మళ్లీ మొదట్నుంచి."

పులి నెత్తురు రుచి చూసింది. అప్పట్నుంచి రోజూ టిఫినవగానే ఆయన సోఫాలో, నేను ఎదురుగా. ఒక్క మాట జారినా మళ్లీ మొదటికే. మే తర్వాత మొదటిసారి రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. నేనేదో దారిలో పడ్డారనుకున్నాను. ఒకరోజు ముందునుంచి వెనకదాకా ఒక్క పొల్లు పోకుండా చెప్పేసి చప్పట్ల కోసం చూశాను. ఆయన కాగితాలు సర్ది, "వచ్చింది," అన్నారు. "అయినా ఫెయిలవుతావు."

ఆగస్టు మధ్యలో పరీక్ష. ఎగ్జామినర్ నల్లకళ్లద్దాల మనిషి, చేతిలో పలక లాంటి ట్యాబ్లెట్. "స్టార్ట్ చేయండి," అన్నాడు. నేను బస్సు ముందు నిలబడి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని అందుకున్నాను. గంగా ప్రవాహం. ఎక్కడా తడబడలేదు. ఎడమ పక్క లైట్లదాకా వచ్చాను.

"మేడమ్," అన్నాడతను.

నేను ఆగలేదు. పద్యం మధ్యలో ఆగితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం.

"మేడమ్, కళ్లు తెరవండి."

తెరిచాను.

"మీరు ఏ బస్సు గురించి చెబుతున్నారో నాకు తెలీదు. ఈ బస్సునైతే ఒక్కసారి కూడా చూడలేదు." నా ముఖానికి ఎదురుగా ఉన్న లైటు చూపించాడు. దాని గాజుకి అడ్డంగా వేలెడు పొడుగున పగులు. ఇప్పుడే నేను, ఇంగ్లీషులో, స్పష్టంగా, పగల్లేదని చెప్పిన లైటు.

ప్రతి భాగాన్నీ చూడాలి, వేలు పెట్టి చూపించాలి. ఆ సంగతి గ్వెన్ చెబుతూనే ఉంది. నాకేమో బాగా వచ్చిందని చూపించడమంటే కళ్లు మూసుకుని అప్పజెప్పడమే. మా నాన్న ముందు కళ్లు తెరిస్తే, చూసి చదువుతున్నావా అని తొడపాశం పెట్టేవారు.

"బేబీ," అంది గ్వెన్, "నువ్వు దేవుడికి చెప్పినట్టు చెప్పావు. లైసెన్స్ ఇచ్చే అధికారం ఆయనకి లేదు."

మళ్లీ పరీక్ష రెండు వారాల తర్వాతే. అంటే నెలాఖరుకి. ఈసారి పోతే ఇన్సూరెన్స్‌తో పాటు ఇల్లూ పోయినట్టే.

ఇంటికొచ్చాను. మా ఆయన తలుపు తీసి నా మొహం చూశారు.

"ఫెయిల్," అన్నాను.

"అయ్యో," అన్నారు. 'నేను చెప్పలేదా' అని మాత్రం అనలేదు, ఆ మాట కోసం దారంతా సిద్ధపడి వచ్చాను, అనలేదు. "కూర్చో, కాళ్లు పీకుతుంటాయి," అన్నారు. టీ పెట్టిచ్చారు. పొద్దున టిఫిన్ తినలేదు కదా అని ఉప్మా మొదలుపెట్టారు. ఉల్లిపాయలు తరుగుతూ సన్నగా కూనిరాగం తీశారు. జీడిపప్పు ఎక్కడుందని అడిగి మరీ వేయించారు. అదితికి ఫోన్ చేసి, "అమ్మ చాలా కష్టపడిందమ్మా, మన వయసుకి ఆ మాత్రం చేయడమే ఎక్కువ," అన్నారు. నా వయసు నా ఒక్కదానిదే అనుకుంటున్నాను. అది ఎప్పుడు 'మన' వయసైందో!

ఉప్మా బాగుంది. అంత బాగుండటం నాకు నచ్చలేదు.

ఆ మర్నాడు ఆయన ఇళ్లమ్మిపెట్టే రియల్టర్‌కి ఫోన్ చేశారు. ఇంటికి ఫోటోలు తీయడానికి శుక్రవారం మనిషిని పంపుతామన్నారట. "నిన్ను బలవంతపెట్టడం లేదు. ప్రయత్నం చేశావు, చాలు," అన్నారు దయగా. నేనూ దయగానే ఊరుకున్నాను. ఆయన స్నానానికి వెళ్లగానే ఆ రియల్టర్‌కి ఫోన్ చేసి, మా ఇంట్లో చికెన్ పాక్స్ అనీ, తగ్గేదాకా ఇటువైపు ఎవరూ రావద్దనీ చెప్పాను. పాపం, గెట్ వెల్ సూన్ అన్నారు.

ఆ శుక్రవారం నేను యార్డులో ఉన్నాను. ఎండ మండిపోతోంది. వల్లించడం మానేశాను. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, చూసి, వేలు పెట్టి, అప్పుడు పేరు చెబుతున్నాను. కళ్లు తెరుచుకుని చెప్పేసరికి వచ్చినవన్నీ మర్చిపోయాను. మొదలుపెట్టిన రోజు కన్నా అధ్వాన్నంగా ఉంది. అలా మూడో చక్రం దగ్గర నట్లు తడుముతుంటే గేటు దగ్గర మా కారు ఆగింది. మా ఆయన దిగి గబగబా వచ్చారు.

"చికెన్ పాక్స్ ఎవరికి?"

"మీకే."

"నాకు చిన్నప్పుడే వచ్చి తగ్గింది!"

"ఆ సంగతి వాళ్లకి తెలీదుగా."

ఆయన నోరు తెరిచారు. తిట్టడానికి నలభై మాటలుండి ఉంటాయి, ముప్పై ఏళ్ల సంసారం కదా. నేను వినే తీరిక లేక పని చూసుకుంటూ ముందుకెళ్లాను. స్టాప్ బోర్డు, చూశాను, చెయ్యి పెట్టాను, చెప్పాను. డ్రైవర్ పక్క అద్దం, చెప్పాను.

"అది చూడలేదు నువ్వు," అన్నారు వెనకనుంచి.

"చూశాను."

"గాజు చూశావు. దాన్ని పట్టుకున్న కడ్డీ చూడలేదు."

కడ్డీ పట్టుకుని ఊపాను. ఊగింది. నిజంగానే వదులుగా ఉంది.

గ్వెన్ రెంచీ తీసుకుని వచ్చింది. "ఎవరీయన?"

"మా ఆయన. తప్పులు పట్టడం ఆయన వృత్తి."

"బస్సుల్లోనా, మనుషుల్లోనా?"

"ఇన్నాళ్లూ మనుషుల్లో."

"ఇటు పంపు బేబీ. బస్సుల్లో పడితే మేం థాంక్స్ చెబుతాం."

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా నేను వేలు పెట్టడం, ఆయన "మళ్లీ" అనడం. నట్లు లెక్కపెట్టించారు. కిందికి వంగి గొట్టాలు చూపించమన్నారు. ఆయనా వంగారు, లేవడానికి చెయ్యి అడిగారు. చికెన్ పాక్స్ ఊసు మళ్లీ రాలేదు, ఫోటోల ఊసూ రాలేదు. తిరుగుదారిలో, "ఏమవుతుందో చూడాలి," అన్నారు. ఫెయిలవుతావు దగ్గర్నుంచి ఏమవుతుందో దాకా రావడానికి ఆయనకి ఒక సమ్మర్ పట్టింది. నేను రేడియో పెట్టాను. ఆయనది పొగిడితే ఆగిపోయే బాపతు.

నెలాఖరులో పాసయ్యాను. ఆకాశం నుంచి పూలేమీ రాలలేదు. అదే ఎగ్జామినర్, అవే నల్లకళ్లద్దాలు. "ఈసారి బస్సుని చూశారు," అన్నాడు, అంతే. కొత్త ఇన్సూరెన్స్ కార్డు ఇద్దరి పేర్లతో వచ్చింది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తన పేరులో అక్షరం ఏమైనా తప్పిందేమో వెతికారు. తప్పలేదు. కొంచెం నిరాశ పడ్డట్టున్నారు.

"రాజారావుకి మాత్రం చెప్పకు," అన్నారు.

నేను చెప్పలేదు. సెప్టెంబర్‌లో బళ్లు తెరిచిన మొదటి రోజు, రెండో స్టాపులో తలుపు తీస్తే గులాబీరంగు బ్యాగుతో అనన్య నిలబడి ఉంది. రాజారావు గారి మనవరాలు, రెండో క్లాసు.

"బిందు ఆంటీ! వై ఆర్ యూ ఇన్ మై బస్?"

"నేనే నడుపుతున్నానమ్మా."

"లైక్, ఫర్ రియల్?"

"ఫర్ రియల్. ఎక్కు, వెనక కార్లు ఆగిపోయాయి."

ఆ సాయంత్రానికి బస్సులో అందరికీ నేను ఆంటీ అయిపోయాను. తెలుగువాళ్లకీ, గుజరాతీవాళ్లకీ, ముందు సీట్లో కూర్చునే ఎర్రజుట్టు పిల్లకి కూడా. పిల్లల్ని దింపేశాక ఎవరైనా నిద్రపోయి ఉండిపోయారేమో అని చివరి సీటుదాకా నడిచి చూడటం నియమం. అలా నడిచి వస్తుంటే ఫోన్ మోగింది. పద్మిని.

"బిందు గారూ, అనన్య ఏదో అంటోంది. చిన్నపిల్ల కదా, ఎవర్ని చూసి ఎవరనుకుందో..."

"నన్ను చూసి నేనే అనుకుందండీ."

పద్మిని వెంటనే మాట మార్చింది. "నవరాత్రుల్లో మా ఇంటికి కొలువుకి తప్పకుండా రావాలి, అన్నయ్యగారు కూడా," అంది, ఆపరేషనైనవాళ్లతో మాట్లాడే గొంతుతో.

వెళ్లాం. ఎందుకెళ్లకూడదు? బస్సెక్కినంత మాత్రాన నా పట్టుచీరలు రద్దవలేదు. మా ఆయన మాత్రం కార్లో కాలర్ సర్దుకుంటూనే ఉన్నారు. ఆ ఇంట్లో మెట్లమెట్లుగా బొమ్మలు, మెట్ల కింద పిల్లలు, సోఫాల్లో మగవాళ్లు. నేను లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఒక్క క్షణం తగ్గి, మళ్లీ రెట్టింపు చప్పుడుతో మొదలయ్యాయి. ఒకావిడ నా చేతులు పట్టుకుని, "ఎలా ఉన్నారు?" అంది, 'ఎలా' మీద బరువంతా వేసి.

హారతి అయ్యాక అందరి చేతుల్లోకీ పులిహోర పళ్లేలొచ్చాయి. అప్పుడు రాజారావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఫోన్ పట్టుకున్న తీరు చూస్తే తెలిసింది, ఆదివారం జూమ్‌కి సరుకు దొరికిందని.

"మిత్రులారా! కష్టకాలంలో ఆశ ఎలా ఉంటుందో చూడాలంటే మన చెల్లెమ్మని చూడండి. ఏ పనీ చిన్నది కాదు!"

చిన్నది కాదని అందర్నీ పిలిచి చెప్పాల్సి వచ్చిందంటే, ఎంత చిన్నదనుకున్నారో. నేను పులిహోరలో వేరుశనగలు ఏరుకుంటున్నాను.

"కానీ నేనడిగేది, ఆమె వెనక ఉన్నదెవరు? తన ఉద్యోగం పోయినా, కుంగిపోకుండా, భార్యకి ధైర్యం నూరిపోసి ముందుకి నడిపించిన మన దామోదర్ గారు! ఇదీ సెకండ్ ఇన్నింగ్స్ స్పిరిట్! దామోదర్ గారూ, రెండు ముక్కలు మాట్లాడండి."

చప్పట్లు. ఫోన్ మా ఆయన వైపు తిరిగింది. ఇలాంటప్పుడు చేయాల్సింది మనవాళ్లందరికీ తెలుసు. అబ్బే నాదేముంది అని, ఉందన్నట్టు నవ్వి, ఒక నమస్కారం పెట్టాలి. ఆయన పళ్లెం పక్కన పెట్టి లేచారు. నేనూ ఆ నమస్కారం కోసమే చూస్తున్నాను.

"ధైర్యం నేను చెప్పలేదండీ," అన్నారు.

"చూశారా, ఎంత వినయమో!"

"వినయం కాదు. ఫెయిలవుతావని చెప్పాను. రోజూ చెప్పాను."

అందరూ నవ్వారు. రాజారావు గారు మరీ గట్టిగా నవ్వారు. మా ఆయన వాళ్లు ఆపేదాకా ఆగారు.

"మొదటిసారి ఫెయిలైంది కూడా. ఆ రోజు నాకు సంతోషమేసింది."

ఇంకా ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు.

"బాధపడ్డట్టు మాట్లాడాను గానీ లోపల ఎంత హాయిగా ఉందో. అంతా అయిపోయిందని నేను కూర్చున్నాను కదా, పక్కన కూర్చోడానికి తోడొచ్చిందనిపించింది. మర్నాడే ఇల్లు అమ్మకానికి పెట్టబోయాను. ఈవిడ మళ్లీ లేచి ఎండలో బయల్దేరుతుంటే ఒళ్లు మండింది. తనకింకా అయిపోలేదంటే నాకూ అయిపోలేదేమో కదా. అప్పుడు నేనూ లేవాలి. లేవడం ఇష్టం లేక ఆవిణ్ణి కూర్చోబెడదామనుకున్నాను."

గదిలో ఎవరూ పులిహోర తినడం లేదు. పద్మిని కుంకుమ భరిణె మూత తీసి మళ్లీ పెట్టింది. రాజారావు గారు ఫోన్ దించాలో పట్టుకునే ఉండాలో తేల్చుకోలేక సగం ఎత్తులో ఆపారు. నేను మధ్యలో అందుకుని ఏదో ఒక హాస్యమాడి ఆయన్ని గట్టెక్కించవచ్చు. ఇన్నేళ్లూ చేసింది అదే. నోటిదాకా వచ్చింది కూడా. ఈసారి మింగేశాను.

"సరే సరే," అన్నారు రాజారావు గారు, "అదంతా అయిపోయింది కదా. పాజిటివ్‌గా ఒక్క మాట చెప్పి ముగించండి."

మా ఆయన ఆయన వైపు గానీ ఫోన్ వైపు గానీ చూడలేదు. పట్టుచీరల మధ్య నేనెక్కడున్నానో వెతికి పట్టుకున్నారు.

"నాది తప్పు బిందూ," అన్నారు. "బస్సొక్కటే కాదు. మొత్తం."